లీన్‌లో గణితం నేర్పే గైడ్లు రాసే పార్ట్‌టైమ్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మాస్టర్స్ చదివిన రోజుల్లో మూడు సెమిస్టర్ల పాటు మా విశ్వవిద్యాలయ గణిత విభాగంలో గంటల లెక్కన ఒక ఉద్యోగం చేశాను. గణిత నిరూపణలను తనిఖీ చేసే లీన్ అనే కంప్యూటర్ వ్యవస్థను కొత్తవాళ్లకు నేర్పే గైడ్లు రాయడం ఆ పని. గైడ్ అనగానే మనకు పరీక్షల ముందు కొనుక్కునే జవాబుల పుస్తకం గుర్తొస్తుంది. ఇక్కడ గైడ్ రాసేవారు జవాబును దాచి, దాని దగ్గరికి దారి వేయాలి. చదువుకోసం బయల్దేరుతున్న మన పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ల తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

కంప్యూటర్ తనిఖీ చేసే గణితం అంటే ఏమిటి? కాలిక్యులేటర్ చేసేది అదే కదా?

కాదు. కాలిక్యులేటర్ లెక్క చేసి జవాబు చెబుతుంది. లీన్ లాంటి వ్యవస్థ మీరు రాసిన నిరూపణ చదివి, ప్రతి మెట్టూ నిలుస్తుందో లేదో చెబుతుంది.

పదో తరగతిలో 2 వర్గమూలం కరణీయ సంఖ్య అని నిరూపించడం గుర్తుందా? మధ్యలో ఒక మాట వస్తుంది: ఒక సంఖ్య వర్గం సరి సంఖ్య అయితే ఆ సంఖ్య కూడా సరి సంఖ్యే. మాస్టారు ఆ వాక్యం బోర్డు మీద రాసి ముందుకు వెళ్లిపోతారు, మనమూ తల ఊపేస్తాం. లీన్ తల ఊపదు. అది ఎందుకు నిజమో మీరు చూపాలి, లేదా ఇంతకుముందు ఎవరో నిరూపించి లీన్ సిద్ధాంతాల గ్రంథాలయంలో పెట్టిన సిద్ధాంతాన్ని పేరుతో పిలవాలి.

ఈ ఆలోచనకు వయసు చాలానే ఉంది. నెదర్లాండ్స్‌లో గణితవేత్త డి బ్రైన్ 1960ల చివర్లో ఆటోమాత్ అనే ఇలాంటి వ్యవస్థను మొదలుపెట్టారు. పోలండ్‌లో 1973లో మిజార్ పుట్టింది. కేంబ్రిడ్జ్‌లో ఇసాబెల్, ఫ్రాన్స్‌లో కాక్ 1980లలో వచ్చాయి. కాక్ పేరు ఇప్పుడు రాక్. ఏ పటంలోనైనా పక్కపక్క ప్రాంతాలకు వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలన్న 'నాలుగు రంగుల సిద్ధాంతాన్ని' 2005లో జార్జ్ గోంటియే పూర్తిగా తనిఖీ చేయించింది కాక్‌తోనే. లీన్‌ను 2013లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉండగా లియొనార్డో డి మౌరా మొదలుపెట్టారు. దాని గణిత గ్రంథాలయం మాథ్‌లిబ్ 2017 నుంచి పెరుగుతోంది. నేడు అందులో 2 లక్షలకు పైగా సిద్ధాంతాలు ఉన్నాయి.

అంత పెద్ద వ్యవస్థకు ఇప్పటికే వివరణలు ఉంటాయి కదా, మళ్లీ గైడ్లు ఎందుకు?

ఉన్నాయి. ఏ ఆదేశం ఏం చేస్తుందో అవి చెబుతాయి. రాత్రి 11 గంటలకు తెర మీద లీన్ తప్పుకు గీసిన ఎర్ర గీత చూస్తూ కూర్చున్న పిల్లవాడికి తాను ఎక్కడ తప్పాడో మాత్రం చెప్పవు. మూడు ఉదాహరణలు చెబుతాను. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరిగింది.

మొదటిది. సంఖ్య ముందు, సున్నా తరువాత రాసి కూడితే (n + 0) ఏ సహజ సంఖ్యకైనా అదే సంఖ్య వస్తుందన్న మాటను లీన్ ఒక్క పదంతో ఒప్పుకుంటుంది, ఎందుకంటే కూడికను నిర్వచించిందే అలా. సున్నాను ముందు పెట్టి, సున్నాకు ఆ సంఖ్యను కలిపితే అదే సంఖ్య వస్తుందని రాయండి. అదే పదానికి ఈసారి ఒప్పుకోదు. కూడిక నిర్వచనం రెండో సంఖ్య మీద మెట్టుమెట్టుగా నడుస్తుంది కాబట్టి ఇక్కడ గణితానుగమనం వాడాలి. ఇంటర్‌లో గణితానుగమనం చదివిన ప్రతి విద్యార్థికీ ఆ పద్ధతి తెలుసు. ఇంత చిన్న విషయానికి అది ఎందుకు కావాలన్నదే తెలియదు. గైడ్ ఆ 'ఎందుకు' దగ్గర కాసేపు ఆగాలి.

రెండోది. సహజ సంఖ్యల్లో 2 నుంచి 3 తీసివేస్తే లీన్‌లో వచ్చేది 0. రుణ సంఖ్య సహజ సంఖ్య కాదు, అయినా తీసివేత ఏదో ఒక సహజ సంఖ్యను ఇచ్చి తీరాలి కాబట్టి సున్నా ఇస్తుంది.

మూడోది చూసి చాలామంది కంప్యూటర్ మూసేస్తారు. 1ని 0తో భాగిస్తే లీన్ గ్రంథాలయంలో 0 వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఈ గణితమంతా అబద్ధమేమో అనిపిస్తుంది. కాదు. అక్కడ భాగహారం అనే ప్రమేయానికి ప్రతి చోటా ఒక విలువ ఉండాలి, సున్నా దగ్గర దానికి ఇచ్చిన విలువకు గణితపరమైన అర్థం ఏమీ లేదు. ఒక సంఖ్యను దానితోనే భాగిస్తే 1 వస్తుందన్న సిద్ధాంతాన్ని వాడబోతే, ఆ సంఖ్య సున్నా కాదని చూపమని లీన్ అడుగుతుంది. జాగ్రత్త ఎక్కడికీ పోలేదు, నిర్వచనంలోంచి సిద్ధాంతంలోకి మారింది. ఈ ఒక్క పేరాను నేను తొమ్మిది సార్లు తిరగరాశాను. ప్రతిసారీ ఎవరికో ఒకరికి చదివించి, వాళ్ల ముఖంలో అనుమానం మిగిలి ఉంటే మళ్లీ మొదలుపెట్టాను.

వారంలో నిజంగా ఏం చేసేవారు?

వారానికి 12 గంటలు. అందులో రాత పని సగం కూడా ఉండేది కాదు. మంగళవారం సాయంత్రం కొత్త విద్యార్థులు లీన్ నేర్చుకునే గదిలో కూర్చునేదాన్ని. మా పర్యవేక్షకురాలు మొదటి రోజే ఒక నియమం పెట్టారు: ఎవరైనా చిక్కుకుంటే అయిదు నిమిషాల వరకు నోరు తెరవకూడదు. వాళ్లు ఏ పేజీ తెరుస్తున్నారు, ఏ మాట దగ్గర ఆగుతున్నారు, ఏం కొట్టి చెరిపేస్తున్నారు, అన్నీ కాగితం మీద రాసుకోవాలి. సాయం చేయాలని ఉన్నా చేతులు కట్టుకుని కూర్చోవడం ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం. ఆ కాగితాలే తరువాత గైడ్లయ్యాయి.

మిగతా గంటల్లో పాఠం రాయడం, అందులోని ప్రతి కోడ్ ముక్కను నడిపి చూడటం, అభ్యాసాలకు జవాబుల ఫైలు తయారుచేయడం, పాత పాఠాలు కొత్త వెర్షన్‌తో నడుస్తున్నాయో లేదో చూడటం.

చిన్న విషయాలకే ఎక్కువ సమయం పట్టేది. ఉదాహరణకు, బాణం గుర్తు, 'ప్రతి ఒక్క' అనే అర్థమిచ్చే తలకిందులుగా ఉన్న ఇంగ్లిష్ 'A' గుర్తు కీబోర్డు మీద ఉండవు. బ్యాక్‌స్లాష్ కొట్టి గుర్తు పేరు రాయాలి. ఏ గుర్తు మీదైనా మౌస్ పెడితే అది ఎలా కొట్టాలో ఎడిటరే చూపుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఎవరూ ఈ సంగతి చెప్పరు, వాళ్ల వేళ్లకు అలవాటైపోయింది. మరొకటి: మాథ్‌లిబ్‌ను ముందే సిద్ధం చేసి ఉంచిన రూపంలో దించుకునే ఆదేశం ఒకటి ఉంది. అది మరిచిపోతే ల్యాప్‌టాప్ గంటల తరబడి వేడెక్కుతూ మొత్తం గ్రంథాలయాన్ని మొదటి నుంచి కట్టుకుంటూ పోతుంది. మా గైడ్‌లో ఆ ఒక్క వరుసను పెట్టె కట్టి పెద్ద అక్షరాల్లో పెట్టాం.

నాకు గణితంలో పీహెచ్‌డీ లేదు. ప్రోగ్రామింగ్ కూడా అంతంత మాత్రమే. పనికొస్తానా?

పనికొస్తారు. కొత్తగా నేర్చుకుంటున్నవారే ఈ పనికి బాగా పనికొస్తారని నా గట్టి నమ్మకం. తాను ఎక్కడ తడబడ్డాడో ఆరు నెలల క్రితం నేర్చుకున్నవాడికి గుర్తుంటుంది. ఆరేళ్ల క్రితం నేర్చుకున్నవాడు ఆ తడబాటు ఉండేదని కూడా మరిచిపోతాడు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో కెవిన్ బజార్డ్ డిగ్రీ విద్యార్థులను లీన్‌లోకి తెచ్చారు. వాళ్లలో చాలామంది మాథ్‌లిబ్‌కు సిద్ధాంతాలు రాశారు. అప్పటికి వాళ్లకు పీహెచ్‌డీలు లేవు.

గణితంలో డిగ్రీ రెండో ఏడాది స్థాయి చాలు: సమితులు, ప్రమేయాలు, గణితానుగమనం, అవధులు, కొంచెం బీజగణితం. ప్రోగ్రామింగ్‌లో ఫైళ్లలో మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ అనే సాధనం వాడటం వస్తే మిగతావి అక్కడే నేర్చుకోవచ్చు. తప్పనిసరిగా కావలసింది రాయడంలో ఓపిక. మన దగ్గర మార్కులన్నీ జవాబుకే కాబట్టి వివరించడం ఒక నైపుణ్యమని ఎవరూ చెప్పరు. ఇంట్లో చెల్లెలికో తమ్ముడికో లెక్కలు చెప్పి, వాళ్లకు అర్థం కాకపోతే ఇంకో దారిలో చెప్పడానికి ప్రయత్నించి ఉంటే, ఈ పని మీరు కొంత చేసినట్టే.

జీతం ఎంత? వీసా ఒప్పుకుంటుందా?

అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు, సెలవుల్లో పూర్తి సమయం. 20 గంటలంటే క్యాంపస్‌లోని ఉద్యోగాలన్నీ కలిపి. లైబ్రరీలో 12 గంటలు చేస్తుంటే ఇక్కడ 8 మాత్రమే మిగులుతాయి. ఉద్యోగం ఖాయమయ్యాక ఇచ్చే లేఖతో సోషల్ సెక్యూరిటీ నంబరుకు దరఖాస్తు చేసుకోవాలి. ఏ సందేహం ఉన్నా ముందు మీ కళాశాల అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి, స్నేహితుల మాట మీద నడవకండి. క్యాంపస్ బయట అనుమతి లేకుండా పెట్రోలు బంకులోనో హోటల్లోనో చేసే పని వీసాకే ముప్పు తెస్తుంది. అప్పు చేసి వచ్చిన పిల్లలు ఆ దారి పడుతుంటే చూడలేక ఈ మాట ప్రతిసారీ చెబుతున్నాను.

గంటకు ఇచ్చే మొత్తం రాష్ట్రాన్ని బట్టి, విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువ. గంటల లెక్కన చేసే ఉద్యోగం సాధారణంగా ఫీజు తగ్గించదు. ఫీజు మాఫీ వచ్చేది టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్ పదవులకు. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. గైడ్లు రాసిన డబ్బుతో నెల సరుకులు, ఫోను బిల్లు, అద్దెలో కొంత గడిచేవి. ఫీజు అప్పు అప్పుగానే ఉండేది.

బ్రిటన్‌లో డిగ్రీ, ఆ పై స్థాయి విద్యార్థి వీసాకు టర్మ్ జరిగే కాలంలో 20 గంటలే హద్దు. జర్మనీలో విద్యార్థి సహాయకుల ఉద్యోగాన్ని అందరూ 'హివి' అంటారు. అక్కడి గణిత విభాగాల్లో అలాంటి పని దొరికే అవకాశం ఉంది.

ఇలాంటి ఉద్యోగం ప్రకటనల్లో కనబడదు. ఎలా దొరుకుతుంది?

నేను అడిగి తెచ్చుకున్నాను. మా విభాగంలో ఒక ఆచార్యులు లీన్‌తో కోర్సు చెబుతున్నారని తెలిసి, ఆ కోర్సు మొదటి రెండు వారాల అభ్యాసాలు చేశాను. నేను చిక్కుకున్న నాలుగు చోట్లను, ప్రతి దానికీ ఒక పేరా వివరణతో రాసి పంపాను. "నాకు ఉద్యోగం కావాలి" అన్న వాక్యం ఆ ఉత్తరం చివర్లో ఉంది. మూడో రోజు పిలుపు వచ్చింది.

వంద మందికి ఒకే రెజ్యూమె పంపడం కంటే ఇది మంచిది. మీ విశ్వవిద్యాలయంలో లీన్, ఇసాబెల్, రాక్‌లలో ఏదైనా వాడే ఆచార్యులు గణిత విభాగంలో లేకపోతే కంప్యూటర్ సైన్స్ విభాగంలో వెతకండి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో 2021లో ఫార్మల్ గణితానికే, అంటే ఇలా కంప్యూటర్ తనిఖీ చేసే గణితానికే, ఒక కేంద్రం పెట్టారు. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో సిద్ధార్థ గాడ్గిల్ లీన్‌తో కోర్సు చెప్పారు. అంటే మొదటి అడుగుకు విమానం ఎక్కాల్సిన అవసరం కూడా లేదు.

మీరు చేసిన అతి పెద్ద పొరపాటు ఏమిటి?

లీన్‌లో 'సారీ' అనే పదం ఒకటి ఉంది. నిరూపణ ఇంకా రాయలేదు, ప్రస్తుతానికి వదిలేయి అని చెప్పడానికి వాడతాం. లీన్ ఒక హెచ్చరిక చూపి, ఆ ప్రవచనాన్ని (నిరూపించాల్సిన వాక్యాన్ని) తాత్కాలికంగా నమ్మి ముందుకు సాగనిస్తుంది. అభ్యాసాలన్నీ ఇలాగే ఇస్తాం: ప్రవచనం రాసి కింద 'సారీ' పెడితే, విద్యార్థి దాన్ని తీసేసి తన నిరూపణ పెడతాడు.

రెండో నెలలో ఒక అభ్యాసం ఇచ్చాను: ఏ సహజ సంఖ్య నుంచైనా 1 తీసివేసి మళ్లీ 1 కలిపితే అదే సంఖ్య వస్తుందని నిరూపించండి. చూడటానికి తేలిక. ఫైలు తప్పు లేకుండా నడిచింది, 'సారీ' ఉంది కదా. నేను జవాబు రాసి చూడలేదు. పైన చెప్పిన తీసివేత సంగతి నాకు తెలుసు, అయినా తట్టలేదు. సంఖ్య 0 అయితే 1 తీసివేసినా 0, దానికి 1 కలిపితే 1. ప్రవచనమే తప్పు. ఒక అమ్మాయి మూడు రోజులు దానితో కుస్తీ పట్టి, గణితం తనకు రాదని నిర్ణయించుకుని, ఆ మాట నాతో చెప్పడానికి వచ్చింది. తప్పు నాదని చెప్పి క్షమాపణ అడిగాను. ఆమె కోర్సులో కొనసాగింది, కానీ ఆ మూడు రోజులను తిరిగి ఇవ్వలేకపోయాను.

ఆ రోజు నుంచి ప్రతి అభ్యాసాన్నీ జవాబుల ఫైలులో చివరి వరకు నిరూపించాకే విద్యార్థుల ఫైలులో పెట్టాను. యంత్రం పూర్తయిన నిరూపణకు మాత్రమే హామీ ఇస్తుంది. ప్రవచనం మనం అనుకున్నదే చెబుతోందా, వివరణ సరిగ్గా ఉందా, అభ్యాసం సాధ్యమేనా అన్నవాటికి ఏ హామీ లేదు. గైడ్ రాసేవారి బాధ్యత అక్కడే ఉంటుంది.

ఒకసారి రాసిన గైడ్ ఎంతకాలం పనికొస్తుంది?

మీరు అనుకున్నదానికంటే తక్కువ. లీన్ మూడో వెర్షన్ నుంచి నాలుగో వెర్షన్‌కు మాథ్‌లిబ్ మొత్తం 2023 జులై నాటికి మారింది. ఆ మార్పుతో అప్పటివరకు రాసిన గైడ్లలో కోడ్ దాదాపు అంతా పాతబడింది. వరుస చివర కామాలు పోయాయి, సిద్ధాంతాల పేర్లలో పెద్ద అక్షరాలు వచ్చాయి, తిరగరాసే ఆదేశం పక్కన చదరపు కుండలీకరణాలు తప్పనిసరి అయ్యాయి. నేటికీ ఇంటర్నెట్‌లో పాత గైడ్ చదివి, అందులోని వరుసను ఉన్నదున్నట్టు కొట్టి, ఎర్ర గీత చూసి తనదే తప్పనుకునే విద్యార్థులు ఉన్నారు.

అందుకే గైడ్ మొదటి వరుసలోనే ఏ వెర్షన్‌తో నడిపి చూశారో రాయండి. ఎవరు దించుకున్నా అదే వెర్షన్ వచ్చేలా ప్రాజెక్టు ఫైలులో కట్టేయండి. ఒక ఆదేశాన్ని ఎలా వాడాలో రెండు వరుసల్లో, ఎప్పుడు వాడాలని తోస్తుందో పది వరుసల్లో రాయండి. మొదటిది ఏడాదికి పాతబడుతుంది. రెండోది చాలాకాలం నిలుస్తుంది.

కృత్రిమ మేధ నిరూపణలు రాస్తోంది కదా, ఈ పని ఇంకా ఉంటుందా?

2024 జులైలో గూగుల్ డీప్‌మైండ్ వ్యవస్థలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోని ఆరు ప్రశ్నల్లో నాలుగు చేసి 28 మార్కులతో రజత పతక స్థాయి అందుకున్నాయి. వాటిలో ఒకటి నిరూపణలను లీన్‌లోనే రాసింది. అది చిన్న విషయం కాదు. రోజువారీ పనిలోనూ ఈ సాధనాలు సాయపడతాయి, నేనూ వాడాను. కానీ అవి పాత వెర్షన్, కొత్త వెర్షన్ కలిపేసి రాయడం, లేని సిద్ధాంతానికి నమ్మదగిన పేరు పెట్టడం చాలాసార్లు చూశాను. నిరూపణలో అలాంటి తప్పును లీన్ పట్టుకుంటుంది. వివరణలోని తప్పును పట్టుకునేది చదివే విద్యార్థే, అదీ చాలా ఆలస్యంగా.

ఇంకో సంగతి. యంత్రాలు నిరూపణలు కుప్పలుగా రాసే కొద్దీ, వాటిలో ప్రవచనం సరైనదేనా అని చదివి చెప్పగల మనుషులు ఎక్కువమంది కావాలి. వాళ్లను తయారుచేసేది గైడ్లే. 2023 నవంబరులో గణితవేత్తలు టెరెన్స్ టావ్, టిమ్ గవర్స్, బెన్ గ్రీన్, ఫ్రెడీ మానర్స్ ఒక కొత్త సిద్ధాంతం ప్రకటించారు. దాన్ని మూడు వారాల్లో లీన్‌లోకి తెచ్చేశారు. అంత త్వరగా జరగడానికి కారణం బ్లూప్రింట్ అనే పత్రం. అందులో నిరూపణను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క దేని మీద ఆధారపడుతుందో బొమ్మ గీసి, మామూలు భాషలో రాస్తారు. ఎవరికి వీలైన ముక్క వాళ్లు తీసుకుంటారు. నా దృష్టిలో అది కూడా గైడే, అందులోనూ ఉత్తమమైన రకం.

తెలుగులో ఇలాంటి గైడ్ రాయవచ్చా?

రాయాలి. ఇది నా చిరకాల కోరిక. లీన్‌లో పేర్లకు తెలుగు అక్షరాలు నేరుగా ఒప్పుకోదు, ఫ్రెంచ్ కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఒప్పుకుంటుంది. కోడ్ మధ్య మనుషుల కోసం రాసే వ్యాఖ్యల్లో తెలుగు ఎంతైనా రాసుకోవచ్చు. కోడ్ ఇంగ్లిష్‌లో, వివరణ తెలుగులో ఉంటే చాలు.

పదాల గురించి బెంగ వద్దు. తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాల పుణ్యమా అని మనకు సమితి, ప్రమేయం, పరికల్పన, ప్రవచనం, గణితానుగమనం అన్నీ ఉన్నాయి. ఒక్క 'టాక్టిక్' దగ్గర ఆగాను. నిరూపణలో తరువాతి అడుగు వేయించే ఆదేశం అది. వ్యూహం అంటే మరీ పెద్దదైపోయింది, యుక్తి అంటే కాస్త మోసం వాసన వచ్చింది. చివరికి చదరంగంలో మనం అనే 'ఎత్తు' దగ్గర మనసు కుదిరింది. బల్ల మీద పరిస్థితి చూస్తాం, ఒక ఎత్తు వేస్తాం, పరిస్థితి మారుతుంది, మళ్లీ చూస్తాం. లీన్‌లో పని సరిగ్గా ఇలాగే సాగుతుంది. అయితే కరణీయ, అకరణీయ అన్న జంట దగ్గర జాగ్రత్త అవసరం. చాలామంది తారుమారు చేస్తారు, మొదటి వాడుకలో ఒక ఉదాహరణ తప్పక ఇవ్వండి.

ఈ అనుభవం తరువాత ఉద్యోగానికి పనికొస్తుందా?

వచ్చింది. సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందని నిరూపించే సంస్థలు, సాంకేతిక రచయితలు కావలసిన సంస్థలు దీన్ని గుర్తిస్తాయి. దీనివల్ల ఉద్యోగం ఖాయమని మాత్రం ఎవరికీ చెప్పను.

ఈ రోజే మొదలుపెట్టాలంటే?

బ్రౌజర్‌లో ఆడే 'నేచురల్ నంబర్ గేమ్' తెరవండి. కెవిన్ బజార్డ్, మొహమ్మద్ పెద్రంఫర్ తయారుచేసిన ఆట అది. కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఖర్చూ లేదు. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. కూడిక లోకం దాటి గుణకారం లోకం వరకు వెళ్లండి. ఆగిన ప్రతిసారీ సమయం వేసి, ఏం అనుకున్నారో, ఏం కొట్టారో, తెర ఏం చెప్పిందో, చివరికి ఏది దారి చూపిందో నాలుగు వరుసలు రాయండి. జవాబు దొరికాక రాయకండి, చిక్కులో ఉన్నప్పుడే రాయండి. దొరికిన మరుక్షణం ఆ అయోమయం ఎలా ఉండేదో మరిచిపోతాం. పది పేజీలు నిండాక, వాటిలో మంచి నాలుగు చోట్లు ఎంచి శుభ్రంగా తిరగరాసి, మీ విభాగంలో లీన్ చెప్పే ఆచార్యులకు పంపండి.